రోజువారీ జీవితంలో రేడియేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేడ మీద సెల్ టవర్ పెడతామంటే వీధంతా అడ్డం పడుతుంది. అదే వీధిలో గేటుకి వెల్డింగ్ జరుగుతుంటే పిల్లలు చుట్టూ చేరి గుడ్లప్పగించి చూస్తుంటారు, ఒక్కరూ అదిలించరు. నిజంగా దెబ్బ తగిలేది ఆ రెండో చోట. రేడియేషన్ అన్న ఒక్క మాట కింద పది వేర్వేరు సంగతులను కలిపేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఏ రకం, ఎంత, ఎంతసేపు అన్నది తేలితే భయపడాలో వద్దో దానంతటదే తేలుతుంది. అందుకే అంకె చెప్పగలిగిన చోటల్లా అంకే చెప్పాం.

రేడియేషన్ అంటే ఏమిటి? ఎన్ని రకాలు?

ఒక చోట పుట్టి మరో చోటికి ప్రయాణించే శక్తి. ఎండ, పొయ్యి సెగ, రేడియో తరంగాలు, ఎక్స్‌రే, యురేనియం నుంచి వెలువడే కణాలు అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిని విడదీసే గీత ఒకటే: పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే సత్తా ఉందా, లేదా.

ఆ సత్తా ఉన్నవి ఆల్ఫా, బీటా, గామా, న్యూట్రాన్, ఎక్స్‌రే. వీటిని అయనీకరణ రేడియేషన్ అంటారు. ఇవి జీవకణంలోని డీఎన్‌ఏ పోగులను తెంపగలవు. తెగినవాటిని శరీరం చాలావరకు అతికేసుకుంటుంది. అతుకు తప్పుగా పడితే మాత్రం ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారి తీయొచ్చు.

ఆ సత్తా లేనివి రేడియో తరంగాలు, మైక్రోవేవ్, పరారుణం, కంటికి కనిపించే వెలుగు. ఇవి ప్రధానంగా వేడి పుట్టిస్తాయి. అతినీలలోహితం (యూవీ) ఈ రెంటికీ మధ్య గట్టు మీద ఉంటుంది. ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టకపోయినా చర్మంలోని డీఎన్‌ఏను నేరుగా పాడు చేయగలదు.

ఆల్ఫా, బీటా, గామాల్లో ఏది ఎక్కువ ప్రమాదం?

మూలం ఒంటి బయట ఉందా, లోపల ఉందా అన్నదాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది. ఆల్ఫా కణం గాలిలో కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పోతుంది. కాగితం ముక్క ఆపేస్తుంది, చర్మం పైపొర ఆపేస్తుంది. అదే పదార్థం ఊపిరితో లోపలికి పోతే, ఆ కొద్ది దూరంలోనే తన శక్తినంతా గుమ్మరిస్తుంది. అందుకే హాని లెక్కల్లో ఆల్ఫాను గామా కంటే 20 రెట్లు ఎక్కువగా లెక్కిస్తారు. బీటాను కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు ఆపుతుంది, చర్మం మీద ఎక్కువసేపు ఉంటే కాలుస్తుంది. గామా శరీరం గుండా దూసుకుపోతుంది. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వచ్చే గామాను సగానికి తగ్గించాలంటేనే 12 మిల్లీమీటర్ల సీసం కావాలి.

బెకరెల్, గ్రే, సీవర్ట్: ఇన్ని కొలతలెందుకు?

వడగళ్ల వాన అనుకోండి. సెకనుకు ఎన్ని రాళ్లు రాలుతున్నాయన్నది బెకరెల్. కప్పు మీద ఎంత దెబ్బ పడిందన్నది గ్రే. కప్పు పెంకులదా, స్లాబా అన్నది కూడా చూసుకుని చివరికి ఎంత నష్టమో లెక్కగట్టేది సీవర్ట్. మామూలు జనానికి పనికొచ్చేది సీవర్ట్ ఒక్కటే. అది చాలా పెద్ద కొలత కాబట్టి మిల్లీసీవర్ట్‌లలో చెప్పుకుంటాం. అందులో వెయ్యో వంతు మైక్రోసీవర్ట్.

పాత పుస్తకాల్లో రెమ్, క్యూరీ కనిపిస్తాయి. 100 రెమ్‌లు ఒక సీవర్ట్. ఒక క్యూరీ అంటే 3,700 కోట్ల బెకరెల్. వార్తల్లో 'కోట్ల బెకరెల్ లీక్' అని చదివి గుండె జారిపోయే ముందు ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే బెకరెల్ చాలా చిన్న కొలత. మిల్లీకి, మైక్రోకి తేడా కూడా చూసుకోవాలి. ఆ పొరపాటుతో అంకె వెయ్యి రెట్లు మారిపోతుంది.

ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా రేడియేషన్ తగులుతుందా?

తగులుతుంది. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఇందులో సగం గాలిలోని రేడాన్ వాయువు నుంచి, మిగతాది నేల, రాయి, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు, తినే తిండి నుంచి వస్తుంది.

ఊరిని బట్టి ఇది మారుతుంది. గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం కాస్త ఎక్కువ కాబట్టి హైదరాబాద్ చుట్టుపక్కల రాతి నేల మీద ఉండేవారికి ఒండ్రు మట్టి నేలల కంటే ఎక్కువ తగులుతుంది. భీమిలి, కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో థోరియం ఉండే మోనజైట్ ఉంది. దేశంలో ఈ ఖనిజం నిల్వలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే. కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక మీదే ఊళ్లున్నాయి, కొన్ని చోట్ల సహజ రేడియేషన్ ప్రపంచ సగటుకు ఎన్నో రెట్లు. అక్కడి జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో దానివల్ల క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. దీన్ని బట్టి ఎంతైనా ఫర్వాలేదని కాదు. కొద్దికొద్దిగా, ఏళ్ల మీద తగిలే మోతాదుకూ ఒక్కసారిగా తగిలే మోతాదుకూ తేడా ఉందని.

అరటిపండు రేడియోధార్మికమా?

అవును, దానంతటదే రేడియేషన్ వదులుతుంది, సుమారు 15 బెకరెల్. పొటాషియంలో పదివేలకు ఒక వంతు పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం ఉంటుంది కాబట్టి. 70 కిలోల మనిషి ఒంట్లోనే 4,000 బెకరెల్‌కు పైగా ఉంటుంది. శరీరం పొటాషియంను ఒక మట్టంలోనే ఉంచుకుని మిగతాది బయటికి పంపేస్తుంది కాబట్టి గెల మొత్తం తిన్నా ఆ లెక్క పెరగదు.

ఇంట్లో గ్రానైట్ వేయించాం. ప్రమాదమా?

వంటింటి గట్టు గురించి దిగులు అక్కర్లేదు. చూసుకోవాల్సింది రేడాన్. ఇది రంగూ వాసనా లేని, గాలి కంటే బరువైన వాయువు. నేలలోంచి, పునాది బీటల్లోంచి, రాతి నుంచి బయటికి వచ్చి కింది గదుల్లో పేరుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగ తాగడం తర్వాత ముఖ్య కారణాల్లో ఇదొకటి. పొగ తాగేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. ఇళ్లలో ఘనపు మీటరుకు 100 బెకరెల్ లోపు ఉంచమని, కుదరకపోతే 300 దాటనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

మన ఇళ్లలో కిటికీలు తెరిచి ఉండటం వల్ల సాధారణంగా పేరుకోదు. చిక్కల్లా సెల్లార్ గదులతో, రోజంతా ఏసీ వేసి మూసేసిన కింది అంతస్తుతో. ఉదయం, సాయంత్రం ఎదురెదురు కిటికీలు తెరవండి. నేలలో, గోడ మొదట్లో బీటలుంటే సిమెంటుతో పూడ్చండి. సెల్లార్‌లో పడకగది పెట్టాల్సి వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

బోరు నీళ్లలో యురేనియం ఉందంటున్నారు. కాచి తాగితే పోతుందా?

పోదు. కాచితే నీరు ఆవిరై యురేనియం ఇంకా చిక్కబడుతుంది. గ్రానైట్ పొరల్లోకి లోతుగా వేసిన బోర్లలో ఇది కనిపిస్తుంది. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఇందులో అసలు భయం రేడియేషన్ కాదు. యురేనియం బరువైన లోహం, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆర్వో పొర దీన్ని బాగానే తీసేస్తుంది, ఒట్టి క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం తీయలేవు. పరీక్షకు ఇచ్చేటప్పుడు యురేనియం అని విడిగా రాయించాలి. మామూలు నీటి పరీక్షలో అది చూడరు.

ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో ఎంత తగులుతుంది?

యంత్రాన్ని, మనిషి ఒళ్లును బట్టి మారుతుంది. సుమారుగా, మిల్లీసీవర్ట్‌లలో:

పంటి చిన్న ఎక్స్‌రే: 0.005
ఛాతీ ఎక్స్‌రే: 0.02 నుంచి 0.1
మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే): 0.4
నడుము ఎక్స్‌రే: 1 నుంచి 1.5
తల సీటీ: 2
ఛాతీ సీటీ: 6 నుంచి 7
పొట్ట సీటీ: 8 నుంచి 10
పెట్-సీటీ: 20 నుంచి 25

ఛాతీ ఎక్స్‌రేకు జంకి, పొట్ట సీటీని 'ఎందుకైనా మంచిది, తీయించేద్దాం' అనుకునేవారు ఈ పట్టిక మళ్లీ చూడాలి. రెండింటి మధ్య వంద రెట్లకు పైగా తేడా ఉండొచ్చు.

10 మిల్లీసీవర్ట్‌ల సీటీ వల్ల జీవితకాలంలో ప్రాణాంతక క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 2,000 మందిలో ఒకరికి పెరుగుతుందని అంతర్జాతీయ లెక్క. తలకు దెబ్బ తగిలినప్పుడో, అపెండిక్స్ అనుమానం ఉన్నప్పుడో ఆ ముప్పును లెక్కచేయకూడదు. ఆలస్యమైతే జరిగే నష్టం చాలా పెద్దది. ఊరికే పదేపదే తీయించుకున్నప్పుడే ఇది గుర్తుకు రావాలి. పిల్లల విషయంలో మరింతగా, ఎందుకంటే వాళ్ల కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి, ముందు బతకాల్సిన ఏళ్లూ ఎక్కువ.

సీటీ రాసినప్పుడు అడగాల్సినవి: ఇదే జబ్బుకు ఇంతకు ముందు తీసిన స్కాన్ పనికొస్తుందా? అల్ట్రాసౌండ్, ఎమ్మారైలతో తేలుతుందా? ప్లెయిన్ (మందు ఎక్కించకుండా), కాంట్రాస్ట్ (మందు ఎక్కించి) రెండూ తీయాలా, ఒకటి చాలా? రెండూ తీస్తే మోతాదు దాదాపు రెట్టింపు. పిల్లలకైతే పిల్లల సెట్టింగ్ పెడుతున్నారా? ఆస్పత్రి మారినప్పుడు ఫిల్మ్‌తో పాటు సీడీ కూడా తీసుకెళ్లండి. సీడీ లేదన్న ఒక్క కారణంతోనే మళ్లీ తీయించేవి చాలా.

మీకు ఎంత తగిలిందో మీరే లెక్కగట్టవచ్చు. సీటీ సీడీలో సాధారణంగా ఒక డోస్ పేజీ ఉంటుంది, అందులో డీఎల్‌పీ అనే అంకె కనిపిస్తుంది. పెద్దవాళ్లకు పొట్ట సీటీ అయితే దాన్ని 0.015తో, ఛాతీ అయితే 0.014తో, తల అయితే 0.0021తో గుణించండి. పొట్ట సీటీలో డీఎల్‌పీ 600 ఉంటే 9 మిల్లీసీవర్ట్‌లు అన్నమాట.

ఎక్స్‌రే తీసిన గదిలో రేడియేషన్ మిగిలి ఉంటుందా?

ఉండదు. స్విచ్ కట్టేస్తే బల్బు వెలుగు పోయినట్టే పోతుంది. గోడలో, మంచంలో, ఒంట్లో ఏమీ మిగలదు. తీసే క్షణంలో మాత్రం లోపల ఉండకూడదు. పసిబిడ్డను పట్టుకోవాల్సి వస్తే సీసం ఏప్రన్ అడిగి వేసుకోండి. గర్భిణి కాని వాళ్లే పట్టుకోవాలి. ఏప్రన్‌ను మడత పెట్టకుండా వేలాడదీస్తున్నారా అన్నది కూడా ఆ సెంటర్ పనితీరుకు ఒక గుర్తు. మడిస్తే లోపలి సీసం పొర పగిలి, ఆ చీలికల్లోంచి కిరణాలు దూరతాయి.

గర్భం సంగతి తెలియక ఎక్స్‌రే తీయించుకున్నాను. ఇప్పుడేం చేయాలి?

తీసినది చేతికి, పంటికి, ఛాతీకి అయితే కడుపులోని బిడ్డకు చేరేది దాదాపు ఏమీ లేదు. ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకు చేరేది 0.01 మిల్లీగ్రే కంటే తక్కువ. పొట్ట, కటి భాగం సీటీలో 10 నుంచి 25 మిల్లీగ్రేల దాకా చేరవచ్చు. 100 మిల్లీగ్రేల లోపు అవయవ లోపాలు పెరిగినట్టు ఆధారాల్లేవు. కాబట్టి ఎక్స్‌రే పడిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోవాలన్న సలహా ఎవరిచ్చినా వినకండి. రిపోర్టు, డోస్ పేజీ పట్టుకుని గైనకాలజిస్టును కలవండి. బిడ్డ మెదడు ఎక్కువ సున్నితంగా ఉండేది 8 నుంచి 15 వారాల మధ్య. నెలసరి తప్పిందన్న అనుమానమున్నా ముందుగానే టెక్నీషియన్‌కు చెప్పాలి.

ఎమ్మారై, అల్ట్రాసౌండ్?

రెండింటిలోనూ అయనీకరణ రేడియేషన్ సున్నా. ఎమ్మారైలో జాగ్రత్త ఇనుముతో: పాత పేస్‌మేకర్, ఒంట్లో మిగిలిన లోహపు ముక్కలు, జేబులో తాళాలు.

క్యాన్సర్‌కు 'కరెంటు' పెట్టించుకున్నవారి దగ్గర పిల్లలు ఉండొచ్చా?

ఉండొచ్చు. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియోథెరపీలో మనిషి ఒంట్లో ఏమీ మిగలదు. ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు, పక్కన పడుకోవచ్చు. ఈ అపోహతో ఇంట్లో పెద్దవాళ్లను వేరే గదిలో పెట్టేయడం చూస్తే బాధగా ఉంటుంది.

జాగ్రత్త పేషెంటు చర్మానికి కావాలి. రోజుకు 2 గ్రేల చొప్పున 30 రోజులదాకా పడినచోట చర్మం ఎండ దెబ్బ తిన్నట్టు కములుతుంది. చికిత్సకు ముందు ఆ చోట నూనె, పౌడరు, పసుపు రాయొద్దు. గట్టిగా రుద్దొద్దు, మెత్తని నూలు బట్టలు వేయాలి. డాక్టర్లు గీసిన గీతలు చెరిపితే చోటు మళ్లీ గుర్తించాల్సి వస్తుంది.

థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ ఇచ్చారు. ఇంట్లో ఏ జాగ్రత్తలు?

ఇది పైదానికి పూర్తిగా వేరు. అయోడిన్-131 ఒంట్లోకి పోతుంది, కొంతకాలం మీ ఒంటి నుంచే రేడియేషన్ బయటికి వస్తుంది. 8 రోజులకు సగమవుతుంది. ఒంట్లోంచి మూత్రం, చెమట, ఉమ్మి ద్వారా కూడా పోతుంది కాబట్టి నిజానికి ఇంకా త్వరగా తగ్గుతుంది.

ఇచ్చే ముందు వారం రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినమంటారు. అయోడైజ్డ్ ఉప్పు, చేపలు, రొయ్యలు, గుడ్డు సొన, పాలు మానాలి. అందరూ తప్పేది ఇక్కడే: ఇంట్లో ఉప్పు మార్చి, హోటల్ టిఫినూ కొన్న పచ్చడీ తింటారు. వాటిలో అయోడైజ్డ్ ఉప్పే ఉంటుంది. థైరాయిడ్ అప్పటికే అయోడిన్‌తో నిండిపోతే మందు సరిగా పట్టదు.

ఇచ్చాక డాక్టర్ చెప్పినన్ని రోజులు విడిగా పడుకోవాలి. మిగతావారికి మీటరు, రెండు మీటర్ల దూరం పాటించాలి. చిన్నపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, గర్భిణుల దగ్గరికి పోవద్దు. టాయిలెట్ కూర్చునే వాడాలి, మగవాళ్లైనా సరే. రెండుసార్లు ఫ్లష్ చేయాలి. తువ్వాలు, కంచం, గ్లాసు వేరు. నీళ్లు బాగా తాగాలి. పాలిచ్చే తల్లులు మందుకు కొన్ని వారాల ముందే మానేయాలి, ఆ బిడ్డకు మళ్లీ ఇవ్వకూడదు. సాధారణంగా ఆరు నెలల దాకా గర్భం వద్దంటారు. కొన్ని వారాల్లో విమానం ఎక్కితే ఎయిర్‌పోర్టు డిటెక్టర్లు మోగొచ్చు, డిశ్చార్జ్ కాగితం దగ్గరుంచుకోండి.

సెల్ టవర్ వల్ల క్యాన్సర్ వస్తుందా?

టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు, డీఎన్‌ఏను తెంపే శక్తి వాటికి లేదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని 'కారణం కావచ్చేమో' అనే 2బీ వర్గంలో పెట్టింది. దానికి ముఖ్య ఆధారం చెవి దగ్గర పెట్టుకునే ఫోన్‌పై జరిగిన అధ్యయనాలే, టవర్లు కావు. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ హద్దును అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు: 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు.

టవర్ సరిగ్గా కింద ఉన్న ఇంటికి అందరికంటే ఎక్కువ తగులుతుందనుకోవడం సహజం. కానీ యాంటెన్నా టార్చిలైటులా అడ్డంగా, కాస్త కిందికి వంచి ప్రసారం చేస్తుంది. కింద పడేది తక్కువ. కొలవాల్సి వస్తే యాంటెన్నా ముఖం తిరిగిన దిక్కున, అదే ఎత్తులో ఉన్న ఎదురింటి మేడ మీద కొలవాలి. టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో రుసుము కట్టి కొలతకు దరఖాస్తు చేసుకోవచ్చు.

మరి ఫోన్?

టవర్ కంటే చెవి దగ్గర ఫోన్‌తోనే తలకు ఎక్కువ చేరుతుంది, దూరం పెరిగేకొద్దీ తరంగం అంత వేగంగా పలుచబడుతుంది కాబట్టి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ శక్తి పెంచుకుని అరుస్తుంది. లిఫ్టులో, సెల్లార్‌లో, కదిలే రైల్లో గంట కబుర్లు వద్దు. టవర్ వద్దని పోరాడి గెలిచిన వీధిలో ప్రతి ఫోనూ ఇలా ఎక్కువ శక్తితో పనిచేస్తుంది, ఆ సంగతి ఎవరూ ఆలోచించరు.

ఎస్‌ఏఆర్ అంటే తల పీల్చుకునే శక్తి. మన హద్దు కిలోకు 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలం మీద సగటు. డయల్ ప్యాడ్‌లో స్టార్, హ్యాష్, 07, హ్యాష్ నొక్కితే చాలా ఫోన్లలో కనిపిస్తుంది. 0.6 ఫోను 1.2 ఫోను కంటే రెట్టింపు క్షేమమని కాదు. అది పూర్తి శక్తి దగ్గర కొలిచిన అంకె, రోజువారీ వాడకంలో ఎప్పుడో తప్ప అంత రాదు. వైర్ ఇయర్‌ఫోనో, స్పీకరో వాడితే సరిపోతుంది.

యాంటీ రేడియేషన్ స్టిక్కర్లు, ఎనర్జీ లాకెట్లు పనిచేస్తాయా?

స్టిక్కర్ పనిచేయదు. నిజంగా సిగ్నల్‌ను ఆపితే ఫోన్ ఇంకా గట్టిగా ప్రసారం చేస్తుంది లేదా కాల్ తెగుతుంది. లాకెట్ల సంగతి ఇంకా హీనం. 'నెగటివ్ అయాన్' పేరుతో అమ్మే కొన్ని లాకెట్లలో, బ్రేస్‌లెట్లలో థోరియం, యురేనియం ఉన్న ఖనిజపు పొడి కలుపుతారు. 2021 డిసెంబర్‌లో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఇలాంటి పది వస్తువులు రేడియోధార్మికమని తేల్చి నిషేధించింది. 5జీ నుంచి కాపాడుకుందామని కొని, రేడియేషన్‌ను మెడలో వేసుకున్నట్టు. ఇంట్లో ఉంటే వాడటం ఆపేయండి, పగలగొట్టొద్దు, పొడి చేయొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు.

బండికి వేసే 'రేడియం' స్టిక్కర్‌లో రేడియం ఉందా?

లేదు. మన వీధుల్లో రేడియం అనేది పేరు మాత్రమే. అది వెలుగును వెనక్కి తిప్పికొట్టే షీటు, లోపల సన్నని గాజు పూసలుంటాయి. చీకట్లో తానుగా వెలిగే స్టిక్కర్లలో ఉండేది కూడా వెలుగు పీల్చుకుని వదిలే రసాయనమే. నిజమైన రేడియం గత శతాబ్దపు మొదటి సగంలో గడియారాల ముళ్లకు పూసేవారు. అలాంటి పాత గడియారం దొరికితే అద్దం విప్పకండి, ఆ పొడి లోపలికి పోకూడదు. పాత పెట్రోమాక్స్ లైట్ల మాంటిల్‌లో మాత్రం నిజంగానే థోరియం ఉండేది. మాంటిల్ మార్చేటప్పుడు రాలే బూడిదను ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

మైక్రోవేవ్ ఓవెన్‌లో వండితే తిండి పాడవుతుందా?

తిండి రేడియోధార్మికం కాదు. 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. తరంగం పొడవు 12 సెంటీమీటర్లు, తలుపు జాలి రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, కాబట్టి బయటికి రాలేదు. తలుపు వంగినా, సరిగా పడకపోయినా, అంచున మాడినా వాడటం ఆపాలి. లోపల ఫోన్ పెట్టి రింగ్ అవుతుందా అని చూసే పరీక్షతో ఏమీ తేలదు. అసలు ప్రమాదాలు వేరే: పెంకుతో గుడ్డు పెడితే పేలుతుంది, నునుపైన గ్లాసులో ఒట్టి నీరు మరిగే సూచన లేకుండా మరిగి, చెంచా పెట్టగానే ఎగిసి ముఖం కాలుస్తుంది.

వెల్డింగ్ చూస్తే కళ్లు పోతాయా?

ఆర్క్ వెల్డింగ్ వెలుగులో అతినీలలోహితం చాలా తీవ్రంగా ఉంటుంది, కొన్ని సెకన్లు చాలు. అప్పుడు ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అర్ధరాత్రి లేచి కళ్లలో ఇసుక పోసినట్టుందని ఏడుస్తారు. నీళ్లు కారుతాయి, లైటు చూడలేరు. నల్లగుడ్డు పైపొర కాలిందన్నమాట. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది.

కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయాలి, చల్లని తడిగుడ్డ వేయాలి, చీకటి గదిలో ఉండాలి, కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. రుద్దకూడదు. చనుబాలు, బంగాళదుంప ముక్క, రోజ్ వాటర్ లాంటివి పెట్టి పొర లేచిన కంటిలోకి క్రిములను పంపకండి. మందుల షాపులో మత్తు చుక్కలు కొని పదేపదే వేయడం ఇంకా తప్పు. నొప్పి పోతుంది, పుండు మానదు.

పనివారికి ఆర్క్‌కు 10 నుంచి 13 నంబరు అద్దం కావాలి, 100-150 ఆంపియర్ల మామూలు పనికి 10 లేదా 11. గ్యాస్ వెల్డింగ్‌కు 5 సరిపోతుంది. కూలింగ్ గ్లాసులు దేనికీ పనికిరావు. తెల్ల గోడ, అల్యూమినియం రేకు నుంచి తిరిగి వచ్చే వెలుగుతో పక్కన ఉన్న హెల్పర్ కళ్లు కూడా దెబ్బతింటాయి కాబట్టి అడ్డుగా తెర కట్టాలి. టిగ్ వెల్డింగ్‌లో ఎర్ర చివర ఉన్న ఎలక్ట్రోడ్‌లో రెండు శాతం థోరియం ఉంటుంది. వెల్డింగ్ చేసేటప్పుడు కాదు, దాన్ని గ్రైండర్ మీద పదును పెట్టినప్పుడు వచ్చే దుమ్ముతో ప్రమాదం. ముసుగు పెట్టుకోవాలి, లేదా నీలం, బంగారు రంగు చివర ఉండే లాంథనం ఎలక్ట్రోడ్‌లకు మారాలి.

మన చర్మానికి ఎండ అలవాటే కదా?

చర్మ క్యాన్సర్ ముప్పు ముదురు చర్మానికి తక్కువే. కానీ కంటి లెన్స్‌కు ఆ రక్షణ లేదు. పొలంలో, రోడ్డు పనిలో గడిపేవారికి శుక్లాలు త్వరగా రావడానికి ఎండ ఒక కారణం. వేసవి మధ్యాహ్నం తెలుగు రాష్ట్రాల్లో యూవీ సూచీ 11 దాటుతుంది, అంటే చివరి మెట్టు. నీడ మీకంటే పొట్టిగా ఉందంటే యూవీ బలంగా ఉన్నట్టు. వెడల్పు అంచు టోపీ, దట్టమైన గొడుగు, యూవీ 400 అని ఉన్న కళ్లజోడు వాడండి. యూవీని ఆపని నల్లద్దాలు మరీ చెడ్డవి. చీకటికి కనుపాప విచ్చుకుని యూవీని ఇంకా ఎక్కువ లోపలికి రానిస్తుంది. విటమిన్ డి కోసం కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, దాన్ని తయారు చేయించే యూవీ-బీని అద్దం ఆపేస్తుంది.

విమానంలో, ఎయిర్‌పోర్టులో?

ఎత్తులో కాస్మిక్ కిరణాలు గంటకు 3 నుంచి 5 మైక్రోసీవర్ట్‌లు. హైదరాబాద్ నుంచి అమెరికా 20 గంటల ప్రయాణమైతే 0.1 మిల్లీసీవర్ట్ లోపే. బ్యాగు ఎక్స్‌రేలో పోయిన ఆవకాయ జాడీకి ఏమీ కాదు. మనిషి నడిచే డోర్‌ఫ్రేమ్ కేవలం మెటల్ డిటెక్టర్, అందులో ఎక్స్‌రే లేదు.

రేడియేషన్ పెట్టిన మామిడిపండ్లు తినొచ్చా?

తినొచ్చు. 2007 నుంచి అమెరికాకు పోయే మన మామిడికి, బంగినపల్లితో సహా, కనీసం 400 గ్రేల గామా కొడతారు. టెంకలోని పురుగు సంతతి ఆగిపోతుంది. కోబాల్ట్-60 గామాకు పండులోని కేంద్రకాలను కదిలించే శక్తి లేదు, కాబట్టి పండు రేడియోధార్మికం కాదు. మహారాష్ట్రలోని లాసల్‌గావ్ కేంద్రంలో ఉల్లి మొలకెత్తకుండా ఇదే పద్ధతి చాలా చిన్న మోతాదులో వాడతారు, మసాలా దినుసులకు వేల గ్రేలు. ప్యాకెట్ మీద వలయంలో మొక్క లాంటి ఆకుపచ్చ గుర్తు చూడండి.

పాత ఇనుప సామాన్లలో మూడు రెక్కల రేడియేషన్ గుర్తున్న వస్తువు దొరికితే?

ఈ పేజీలో ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న ఇదే. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్‌కు ఒక పాత ప్రయోగశాల గామా యంత్రం వేలంలో చేరింది. విప్పి కోశారు, లోపల కోబాల్ట్-60 ఉంది. ఒక మనిషి చనిపోయాడు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన చికిత్స యంత్రంలోని సీజియం-137 పొడి చీకట్లో నీలంగా మెరుస్తోందని ఇంటింటికీ పంచుకున్నారు. నలుగురు చనిపోయారు, 249 మందికి పొడి అంటుకుంది.

అసాధారణమైన బరువున్న చిన్న సీసపు డబ్బా, పసుపు మీద మూడు రెక్కల గుర్తు, పాత ఆస్పత్రి యంత్రం లేదా ఫ్యాక్టరీ కొలత పరికరం (గేజ్) ముక్కలు కనిపిస్తే కోయొద్దు, సుత్తితో కొట్టొద్దు, జేబులో వేసుకోవద్దు. అందరినీ దూరం పంపండి. దూరం రెట్టింపైతే తగిలేది నాలుగో వంతుకు పడిపోతుంది. 112కు ఫోన్ చేసి రేడియేషన్ గుర్తు ఉందని స్పష్టంగా చెప్పండి. తాకినవారు చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు విప్పి సంచిలో కట్టి పక్కన పెట్టాలి. వాంతులు, చర్మం ఎర్రబడటం లాంటివి ఉంటే ఏ వస్తువు తాకారో డాక్టరుకు ముందే చెప్పాలి. చెప్పకపోతే డాక్టరు దాన్ని మామూలు కాలిన గాయంగానే చూస్తారు.

ఇంట్లో రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ కొనాలా?

అక్కర్లేదు. కొన్నా, అది సెల్ టవర్‌ను గానీ, వైఫైని గానీ కొలవదు, ఆల్ఫాను చాలా చౌక యంత్రాలు పట్టవు, రేడాన్‌కు విడిగా డిటెక్టర్ కావాలి. గంటకు 0.1, 0.2 మైక్రోసీవర్ట్‌ల మధ్య ఆడుతుంటే మామూలే. గ్రానైట్ మీద పెట్టినప్పుడు కాస్త పెరుగుతుంది. ఒక నిమిషం రీడింగ్ చూసి కంగారు పడొద్దు, కనీసం పది నిమిషాల సగటు తీసుకోండి.